అన్నవరం: స్థలపురాణం నుంచి స్థానిక చరిత్రకు

ఉపోద్ఘాతం

తెలుగునాట ఒక ఊరి చరిత్ర రాయబూనినవారు సాధారణంగా మూడు ఆధారాల దగ్గర పని మొదలుపెడతారు. అవి శాసనం, కైఫీయతు, జిల్లా గెజిటీరు. గోదావరి మండలంలో ఈ మూడింటికీ కొదవ లేదు. ద్రాక్షారామానికి వందల సంఖ్యలో శాసనాలున్నాయి. శ్రీనాథుని భీమేశ్వర పురాణం ఉంది. సామర్లకోట కుమారారామానికి చాళుక్య భీముని పేరు అంటిపెట్టుకుని ఉంది. పిఠాపురం శాతవాహనానంతర యుగం నుంచీ రాజకీయ చరిత్రలో కనిపిస్తూనే ఉంది. వీటి పక్కన అన్నవరాన్ని నిలిపితే చరిత్రకారుని చేతులు ఖాళీగా ఉంటాయి. రత్నగిరిపై క్షేత్రం వెలసినది 1891లో. కైఫీయతులు సేకరింపజేసిన కల్నల్ మెకంజీ 1821లోనే మరణించాడు. గోదావరి జిల్లాను గురించి హెన్రీ మోరిస్ రాసిన గ్రంథం 1878లో వెలువడింది. అంటే ఈ ప్రాంతాన్ని గురించిన తొలి ఆకరాలు సిద్ధమయ్యేనాటికి ఆ కొండమీద గుడి లేదు.

ఈ కారణంగానే అన్నవరం భక్తుల పుస్తకాలలో ఉన్నంతగా పరిశోధకుల పుస్తకాలలో లేదు. "నిన్నగాక మొన్న పుట్టిన క్షేత్రానికి చరిత్ర ఏముంటుంది?" అన్న ప్రశ్న పండిత సభలలోనూ వినిపిస్తుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను తిరగవేసి చూస్తుంది. ప్రాచీన క్షేత్రాల పుట్టుకను మనం ఊహించగలమే గాని చూడలేము. అన్నవరం పుట్టుకను మాత్రం తిథి, వారం, నక్షత్రాలతో సహా చూడగలం. ఒక కుగ్రామం ఒకటిన్నర తరంలో ఎలా క్షేత్రమైనదో, ఆ క్రమంలో ఏది పురాణంలోకి ఎక్కిందో, ఏది ఎక్కలేదో గుర్తించే అవకాశం ఇక్కడ ఉంది.

ఊరు, పేరు

కత్తిపూడి, తుని మధ్య జాతీయ రహదారి మీద, తూర్పు కనుమల చివరి గుట్టల పాదాన, పంపానది ఒడ్డున అన్నవరం ఉంది. గోదావరి జిల్లా ఊరు అనగానే కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు మనసులో మెదులుతాయి. అన్నవరం ఆ సీమకు చెందినది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నీరు అందని మెట్టప్రాంతమిది. ఒకవైపు డెల్టా, మరొకవైపు మన్యం. రెంటికీ మధ్య అంచుమీద ఊరు నిలిచింది. ఈ అంచు స్వభావమే తరువాతి చరిత్రకంతటికీ మూలమని నా అభిప్రాయం.

పేరు విషయంలో "అడిగిన వరమిచ్చే స్వామి ఉన్న ఊరు గనుక అన్నవరం" అనే వ్యుత్పత్తి బాగా ప్రచారంలో ఉంది. భక్తిపరంగా అది అందమైన నిర్వచనం, భాషాపరంగా నిలవదు. చుట్టుపక్కల శంఖవరం ఉంది, హంసవరం ఉంది. గోదావరి ఒడ్డున పోలవరం ఉంది. వీటన్నింటిలో 'వరం' వరాన్ని సూచించదు. తెలుగు గ్రామనామాలలో 'పురం' అచ్చు తరువాత 'వరం'గా మారడం సుపరిచితం. పకారం వకారమయ్యే గసడదవాదేశ స్వభావమే ఇక్కడా పనిచేసింది. కాబట్టి అన్న లేదా అన్నయ్య అనే వ్యక్తి పేరు మీద వెలసిన 'అన్నపురం' అన్నవరమై ఉంటుందని ఊహించడం సమంజసం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని దీని ఫలితం పెద్దది: ఊరు స్వామి కంటె ముందుది. కొండకింద నేరెళ్ళమ్మ గ్రామదేవతగా ఉన్న ఊరు ఒకటి అప్పటికే ఉంది. తరువాత వచ్చిన క్షేత్రం దాని పేరుకు కొత్త అర్థాన్ని కల్పించింది. నేటికీ మండల కేంద్రం శంఖవరమే. అన్నవరం పరిపాలనరీత్యా ఆ మండలంలో ఒక గ్రామం మాత్రమే.

స్థలపురాణాన్ని పత్రంగా చదవడం

స్థలపురాణంలో రెండు పొరలున్నాయి. పైపొర పౌరాణికం. మేరు పర్వతానికి, మేనకకు భద్రుడు, రత్నాకరుడు అని ఇద్దరు కుమారులు. విష్ణువును గురించి తపస్సు చేసి భద్రుడు భద్రాచలమైనాడు, రత్నాకరుడు రత్నగిరియైనాడు. రెండవ పొర చారిత్రకం. గోర్స, కిర్లంపూడి ఎస్టేట్లకు జమీందారైన రాజా ఇనుగంటి వేంకట రామరాయణిం బహద్దూరువారికి, ఈరంకి ప్రకాశం అనే బ్రాహ్మణునికి ఏకకాలంలో స్వప్నం కలిగింది. రాబోయే శ్రావణ శుక్ల విదియ, మఖా నక్షత్రం, గురువారం నాడు రత్నగిరిపై వెలుస్తానని స్వామి చెప్పాడు. కొండమీద వెతకగా అంకుడు చెట్టుకింద మూర్తి లభించింది. కాశీనుంచి తెప్పించిన త్రిపాద్విభూతి మహావైకుంఠ నారాయణ యంత్రాన్ని ఖర నామ సంవత్సరంలో, అనగా 1891 ఆగస్టు 6న ప్రతిష్ఠించారు.

ఈ తేదీని పరీక్షించవచ్చు. అరవై సంవత్సరాల చక్రంలో ఖర నామ సంవత్సరం 1951–52లోను, 2011–12లోను వచ్చింది. వెనక్కి లెక్కిస్తే 1891–92 అవుతుంది. 1891 ఆగస్టు 6 గురువారమే. ఆగస్టు 4 రాత్రి అమావాస్య ముగిసింది కనుక 6వ తేదీ సూర్యోదయానికి శ్రావణ శుక్ల విదియ నడుస్తున్నది. చంద్రుడు మఖలో ఉన్నాడు. సంవత్సరం, తిథి, వారం, నక్షత్రం నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. తరతరాల నోటిమాటగా వచ్చిన స్థలపురాణాలలో ఇలా సరిపోవడం అరుదు. తరువాతి కాలంలో ఎవరో కల్పించి అతికించిన తేదీ అయితే వారమో నక్షత్రమో ఎక్కడో ఒకచోట తప్పేది. స్వప్నం విశ్వాసానికి సంబంధించినది, దాని జోలికి చరిత్రకారుడు వెళ్ళనక్కరలేదు. ప్రతిష్ఠాదినం మాత్రం పంచాంగం చూసి ఆనాడే రాసుకున్న నమోదునుంచి వచ్చిందని భావించడానికి ఇది బలమైన ఆధారం.

పౌరాణిక పొరలోనూ కాలం ముద్ర లేకపోలేదు. భద్రాచలం, రత్నగిరి అన్నదమ్ములు కావడానికి భూగోళం మాత్రమే కారణం కాదు. భద్రాచలం తాలూకా 1874 వరకు మధ్య పరగణాలలో ఉండేది. ఆ సంవత్సరం మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరి, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా ఈవైపే ఉంది. 1891లో ఈ రెండు కొండలూ ఒకే కలెక్టరు ఏలుబడిలో ఉన్నాయి. కొత్త క్షేత్రానికి పెద్ద క్షేత్రంతో చుట్టరికం కలపడం స్థలపురాణ సంప్రదాయం. ఆ చుట్టరికం జిల్లా సరిహద్దుల లోపలే దొరికింది. రత్నగిరి క్షేత్రపాలకుడు శ్రీరాముడు కావడం ఈ బంధాన్ని మరింత బిగించింది.

మరొక ఊహను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను. తెలుగు సత్యనారాయణ వ్రతకథలో సాధువనే వైశ్యుడు అల్లునితో కలిసి వ్యాపారానికి వెళ్ళిన సముద్రతీర నగరం పేరు రత్నసానుపురం. 'రత్నసాను' అమరకోశం ప్రకారం మేరు పర్వతానికే పర్యాయపదం. వ్రతకథలోని ఈ పేరుకు, రత్నగిరి మేరువు కొడుకనే కథకు మధ్య సంబంధం ఉండకపోదు. వ్రతకథ చదివి చదివి తలకెక్కిన పౌరాణికుడు కొండకు పేరు వెతుకుతుంటే ఏది స్ఫురిస్తుంది?

సత్యనారాయణుడు వచ్చిన దారి

సత్యనారాయణ వ్రతకథను సంప్రదాయం స్కాంద పురాణంలోని రేవాఖండానికి ముడిపెడుతుంది. తూర్పుతీరం వెంట ఉత్తరానికి వెళితే ఈ దైవానికి మరొక రూపం ఎదురవుతుంది. వంగదేశంలో, ఒడిశాలో సత్యపీరు పేరిట హిందువులు, ముస్లిములు కలిసి కొలిచే దేవుడున్నాడు. 18వ శతాబ్ది వంగ కవి భరతచంద్ర రాయ్ మొదలుకొని అనేకులు సత్యపీరు కథలను కావ్యాలుగా చెప్పారు. అమెరికన్ పండితుడు టోనీ స్టూవర్ట్ ఈ సాహిత్యాన్ని విస్తృతంగా అధ్యయనం చేశాడు. ఆ కథలలోనూ పేద బ్రాహ్మణుడు, కట్టెలవాడు, ఓడ వర్తకుడు కనిపిస్తారు. ఏది ముందు, ఏది వెనుక అన్న చర్చకు ఇక్కడ చోటు లేదు. అన్నవరం కళింగ మార్గం మీద ఉన్నదన్నది మాత్రం మనకు కావలసిన విషయం.

ఈ ఉత్తర సంబంధానికి గట్టి సాక్ష్యం గ్రంథంలో కంటె ప్రసాదంలో దొరుకుతుంది. వ్రతవిధి గోధుమపిండితో, ఒకటింపాతిక పరిమాణంలో ప్రసాదం చేయమంటుంది. గోధుమ లేనిచోట బియ్యపుపిండి వాడవచ్చునని మినహాయింపు కూడా ఇస్తుంది. వరి తప్ప మరొకటి ఎరుగని గోదావరి ప్రజలు ఆ మినహాయింపును హాయిగా వాడుకోవచ్చు. వాడుకోలేదు. దధ్యోదనం, పులిహోర, చక్రపొంగలి నైవేద్యాలుగా ఉన్న ఈ సీమలో అన్నవరం ప్రసాదం మాత్రం నేటికీ గోధుమనూక, నెయ్యితోనే. ఎక్కడినుంచో నడచివచ్చిన ఆచారం తన ధాన్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నది.

కథాసంవిధానం కూడా ఈ తీరానికి సరిగ్గా అమరింది. కోరంగి, కాకినాడ రేవులనెరిగిన శ్రోతలకు సరుకు నిండిన పడవ, సుంకం, చెరసాల, ఇంటిదగ్గర ఎదురుచూసే ఇల్లాలు కొత్తవి కావు. గొల్లలు ఇచ్చిన ప్రసాదాన్ని తిరస్కరించిన తుంగధ్వజుడు కష్టాలపాలు కావడం, వారి దగ్గరకే తిరిగివచ్చి దాన్ని స్వీకరించాక గట్టెక్కడం ఈ కథలో నాకు అన్నింటికంటె ముఖ్యంగా తోస్తుంది. రాజు గొల్లవాని చేతి ప్రసాదం తినాలి. 1891 నాటి పల్లెలో ఈ కథ ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించవలసినదే. దంపతులెవరైనా పీటలమీద కూర్చుని స్వయంగా చేసుకునే వ్రతం గర్భగుడి దూరాన్ని కొంత తగ్గించింది. క్షేత్రం ఇంత త్వరగా జనక్షేత్రం కావడంలో ఈ గుణానికి పెద్ద పాలు ఉంది.

రైలు, రాతిగుడి, నీడ గడియారం

స్వామి వెలసిన రెండేళ్ళకు రైలు వచ్చింది. విజయవాడ నుంచి కటకం వరకు ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1893–96 మధ్య తెరుచుకుంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిపై హేవ్లాక్ వంతెన 1900లో పూర్తయ్యాక నది అడ్డు కూడా తొలగింది. కలకత్తా–మద్రాసు ప్రధానమార్గం మీద, తుని పిఠాపురాల మధ్య అన్నవరం ఒక స్టేషనైంది. వెలసిన క్షేత్రాలన్నీ నిలవవు. జమీందారు పోషణ, అందరూ చేసుకోగల వ్రతం, కొండకు కూతవేటులో రైలు ఈ మూడూ ఒకే దశాబ్దంలో కలిసిరావడం అన్నవరం అదృష్టం.

ఇప్పుడున్న ఆలయానికి మూలమైన రాతికట్టడం 1933–34లో జరిగింది. నాలుగు చక్రాల రథాకారంలో రెండంతస్తులుగా కట్టారు. కింది అంతస్తులో యంత్రం, పై అంతస్తులో సుమారు 13 అడుగుల మూర్తి. మూలంలో బ్రహ్మ, మధ్య శివుడు, అగ్రాన విష్ణువు. కుడిపక్క అనంతలక్ష్మీ సత్యవతీదేవి, ఎడమపక్క ఈశ్వరుడు. వైష్ణవ శైవ వివాదాలు చల్లబడిన స్మార్త సమన్వయయుగపు క్షేత్రమని ఈ మూర్తే చెబుతుంది.

1943లో రాజమహేంద్రవరానికి చెందిన పిడపర్తి కృష్ణమూర్తిశాస్త్రి కొండమీద నీడ గడియారం నిర్మించారు. యాత్రికులు దాన్ని చేతిగడియారంతో పోల్చి చూసి ఆశ్చర్యపోతుంటారు. ఆ ఆశ్చర్యానికి భౌగోళిక కారణం ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం అన్నవరం, తునిల మధ్యనుంచే పోతుంది. దేశంలో మరొకచోట అరగంటో గంటో తేడా చూపే నీడ ఇక్కడ ప్రామాణిక కాలానికి చాలా దగ్గరగా పడుతుంది. ఋతువులను బట్టి వచ్చే హెచ్చుతగ్గులు మాత్రమే సరిచూసుకోవాలి. అయితే 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు యుద్ధం కారణంగా ప్రభుత్వం దేశపు గడియారాలను గంట ముందుకు జరిపింది. కనుక ఆ గడియారం కట్టిన ఏట కొండమీద సూర్యుడు ఒక సమయం, కొండకింద స్టేషను మరొక సమయం చెప్పాయి. ఆనాటి యాత్రికులు దేన్ని నమ్మారో మరి!

1923 ఏప్రిల్ 17

స్థలపురాణ కథనం ప్రతిష్ఠతో, ఆలయ నిర్మాణంతో పూర్తవుతుంది. ఊరి చరిత్రలో అంతటి మరొక రోజు ఆ రెంటి మధ్యనే ఉంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును, అడవి సరుకుల సేకరణను అడ్డుకోవడం, గూడెం రోడ్డు పనులలో వెట్టిచాకిరి ఈ పోరాటానికి కారణాలు. డిసెంబరులో దళానికి నష్టాలు కలిగాయి. తరువాత నాలుగు నెలలపాటు స్తబ్ధత ఆవరించింది. రాజు మరణించాడన్న వదంతులు వ్యాపించాయి. అటువంటి సమయంలో, 1923 ఏప్రిల్ 17న ఆయన కొద్దిమంది అనుచరులతో అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. ఠాణాలో ఆయుధాలు దొరకలేదు. ఊరివారు ఆయనను దర్శించుకుని నీరాజనాలు పట్టారు. చెరుకూరి నరసింహమూర్తి అనే వ్యక్తి ఆయనతో జరిపిన సంభాషణ ఆ నెల 21న ఆంధ్రపత్రికలో వచ్చింది. ఉద్యమ లక్ష్యం ప్రజలకు స్వాతంత్ర్యం సంపాదించడమేనని, అది యుద్ధం వల్లనే సాధ్యమని, రెండేళ్ళలో సాధించగలమని, మనుషులకు కొరత లేదని, మందుగుండు మాత్రమే తక్కువని ఆయన చెప్పినట్లు ఆ సంభాషణ నమోదు చేసింది. అన్నవరం నుంచి దళం శంఖవరం వెళ్ళింది. అక్కడా ఘనంగా స్వాగతించారు. ఫలితంగా గ్రామస్థులంతా సామూహిక జరిమానా చెల్లించవలసివచ్చింది.

ఈ సందర్శనను చరిత్రకారులు సాధారణంగా విఫలమైన ఆయుధాల వేటగా ఒక వాక్యంలో దాటవేస్తారు. నేను దాన్ని వేరుగా చదువుతున్నాను. తునిలో చదువుకున్న రాజుకు ఈ రైలుదారి, ఈ ఊళ్ళు బాగా తెలుసు. చనిపోయాడనుకుంటున్న మనిషి బతికే ఉన్నానని లోకానికి చెప్పాలంటే మన్యం లోపల ఏ గూడెంలో కనబడినా లాభం లేదు. ఆ వార్త కొండ దిగదు. రోజూ యాత్రికులు వచ్చిపోయే చోటు, రైలు ఆగే చోటు, పత్రికకు ఉత్తరం రాయగల చదువరులున్న చోటు, అదే సమయంలో వెంటనే అడవిలోకి తప్పుకోగల చోటు కావాలి. మన్యపు అంచున ఈ నాలుగూ ఉన్న ఊరు అన్నవరం. నాలుగు రోజులలో వార్త మద్రాసు దినపత్రికకు ఎక్కిందంటే ఆయన లెక్క తప్పలేదు. అంటే 1891లో పుట్టిన క్షేత్రం ముప్పైరెండేళ్ళలోనే, ఒక మాట పలికితే ఆంధ్రదేశమంతా వినబడే వేదికైంది. ఒక క్షేత్రం ఎదుగుదలకు హుండీ లెక్కల కంటె ఇది నమ్మదగిన కొలమానం.

సందర్శన జరిగిన మరుసటి సంవత్సరం మే 7న రాజు మరణించాడు. ఆ తరువాత పదేళ్ళకు రాతిగుడి లేచింది.

అడ్డాకు

అన్నవరం ప్రసాదాన్ని చేతికందించేది అడ్డాకు పొట్లంలో. అడ్డతీగ డెల్టాలో పెరగదు, మన్యపు అడవిది. గిరిజన స్త్రీలు కోసి, ఎండబెట్టి, కట్టలుకట్టి సంతకు తెచ్చే ఆకు అది. వ్రతకథలో సన్న్యాసి పడవలో ఏముందని అడిగితే ఆకులూ అలములూ ఉన్నాయని వైశ్యుడు బొంకుతాడు. సరుకంతా నిజంగానే ఆకులైపోతుంది. కథలో ఆకు విలువలేనిదానికి గుర్తు. కొండదిగువ సంతలో ఆ ఆకే ఒక కుటుంబానికి పూటబత్తెం. అడవిలో ఆకు కోసుకునే హక్కు కోసం కూడా కదా 1922లో మన్యం తిరగబడింది!

ఉత్తరాది గోధుమ, మెట్ట గ్రామపు ఊరిపేరు, కాశీ యంత్రం, భద్రాద్రి చుట్టరికం, మన్యపు ఆకు అన్నీ ఒక పొట్లంలోకి చేరిన చోటు ఇది. వీటిలో మొదటి నాలుగింటికి ఏదో ఒక పుస్తకంలో ఒక వాక్యమైనా దొరుకుతుంది. ఆకు కోసినవారి వైపునుంచి అన్నవరం ఎలా కనిపించిందో చెప్పే కథనాన్ని సేకరించవలసి ఉంది. అది శంఖవరం, రౌతులపూడి, అడ్డతీగల, రాజవొమ్మంగి సంతలలో, పెద్దవయసు వారి నోటిలో దొరకవలసినది. 1923 సందర్శనను చూసినవారు ఎవరూ లేరు. తల్లిదండ్రుల నోట విన్నవారు కూడా ఇప్పుడు ఎనభై దాటినవారే.

రాతపూర్వక ఆధారాల కోసం వెళ్ళేవారికి ఒక ఆచరణాత్మక సూచన. ఈ ఊరు 1925 వరకు గోదావరి జిల్లాలో, తరువాత తూర్పు గోదావరిలో, 2022 ఏప్రిల్ 4 నుంచి కాకినాడ జిల్లాలో ఉంది. 1923 నాటి జరిమానా దస్త్రం 'తూర్పు గోదావరి' అనే పేరుకింద వెతికితే దొరకదు. ఆనాటికి ఆ జిల్లా పుట్టలేదు. గోదావరి జిల్లా, ఏజెన్సీ విభాగాల కింద వెతకాలి. ఎస్టేటు కాగితాలు గోర్స, కిర్లంపూడి పేర్లమీద ఉంటాయి. అన్నవరం పేరుమీద ఉండవు.